ఉపగ్రహ లింకు 10 మెగాబిట్లది, టెస్టులో 1 కూడా రావడం లేదా?

అమ్రాబాద్ అడవిలో ఫైబర్ చేరని చోట వీశాట్ (చిన్న డిష్‌తో ఉపగ్రహం ద్వారా నెట్ అందించే పరికరం) బిగించాము. సెకనుకు 10 మెగాబిట్ల లింకు. ఫైలు పంపి చూస్తే 950 కిలోబిట్లు దాటలేదు. వాన లేదు, మోడెమ్‌లో సిగ్నల్ నిండుగా ఉంది. అయినా నిచ్చెన వేసి డిష్ కదిపాను. సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకుని, చీకటి పడేదాకా మళ్లీ గురి కుదుర్చుకున్నాను. మీరు అలా చేయకండి.

ముందు ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే ప్రోగ్రాముతో 9 మెగాబిట్ల యూడీపీ (అందినట్టు జవాబు కోసం ఆగకుండా పంపే పద్ధతి) టెస్టు పెట్టండి. ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోకుండా చేరితే డిష్, కేబుల్, మోడెమ్ అన్నీ బాగున్నట్టే. తప్పు టీసీపీ దగ్గర, అంటే అందినట్టు జవాబు చూసుకుంటూ పంపే పద్ధతి దగ్గర ఉంది.

ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్యాకెట్ పైకి వెళ్లి దిగాలి, అందినట్టు జవాబు మళ్లీ అదే దారిన రావాలి. మోడెమ్‌ల ఆలస్యం కలిపి మాకు 0.55 సెకను పట్టేది. మా పాత ప్రోగ్రాము బఫర్ (జవాబు వచ్చేదాకా డేటా ఉంచుకునే చోటు) 65,535 బైట్లే. అంతవరకు పంపి, జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. బైటుకు 8 బిట్లు కాబట్టి 65,535ను 8తో గుణించి 0.55తో భాగిస్తే సెకనుకు సుమారు 9.5 లక్షల బిట్లు. మాకు వచ్చిన వేగం సరిగ్గా అదే! లింకును 100 మెగాబిట్లకు పెంచినా ఇంతే వస్తుంది.

10 మెగాబిట్లు నిండాలంటే దారిలో దాదాపు 6.9 లక్షల బైట్లు ఉండాలి. రెండు చివర్లా బఫర్ 1 మెగాబైట్ చేయండి, విండో స్కేలింగ్ (65,535 బైట్ల హద్దు దాటనిచ్చే టీసీపీ సదుపాయం) పనిచేయనివ్వండి. కొత్త కంప్యూటర్లలో అది ఉంటుంది కానీ, మధ్యలోని ఫైర్‌వాల్ కొన్నిసార్లు దాన్ని తీసేస్తుంది. అనుమానం తీరాలంటే ఒకేసారి 8 కనెక్షన్లతో పంపండి. మొత్తం వేగం 7 మెగాబిట్లు దాటితే రోగం ఇదే. నాసా 1993లో పంపిన ఏక్ట్స్ ఉపగ్రహం మీద 622 మెగాబిట్ల వేగం పరీక్షించారు. మా ఆలస్యంతో లెక్కిస్తే అక్కడ దారిలోనే 4 కోట్ల బైట్లకు పైగా ఉండాలి.

యూడీపీలోనూ ప్యాకెట్లు పోతుంటే, అప్పుడు నిచ్చెన ఎక్కండి. చాలాసార్లు కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి. జోరువానలో అయితే ఆగడమే.

ఇంకొకటి. జీశాట్-11 మాదిరిగా 74 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహమైతే, మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివర నాలుగైదు రోజులు మధ్యాహ్నం పన్నెండుంపావు, ఒంటిగంట మధ్య లింకు కొన్ని నిమిషాలు పడిపోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. డిష్ ముట్టుకోకండి, భోజనం చేసి రండి.