తెలుగు పోస్టరుకు అక్షరాలు కూర్చడం: ఒక విద్యార్థి అనుభవం

గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో నేను ఇంగ్లీషు అక్షరాలకు చెప్పిన కొలతలనే తెలుగుకూ వాడి, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగిలే పోస్టరు ఒకటి తయారు చేశాను. తెలుగుకు మొదట చూడాల్సింది ఫాంటు. దాన్ని ఖాయం చేసుకునే ముందు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటలను అందులో టైపు చేసి, వత్తులు సరిగా కుదిరాయో లేదో చూడండి. అవి విడిపోయి కనిపిస్తే తప్పు ఫాంటుదే కాకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ అమరికదీ కావచ్చు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అయితే, తెలుగు వంటి లిపులను సరిగా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోవాలి.

అసలు పని వరుసల మధ్య దూరం (ఒక వరుస అడుగు గీత నుంచి తర్వాతి వరుస అడుగు గీత వరకు) దగ్గరే ఉంది. ఇంగ్లీషుకు అక్షర పరిమాణంలో 120 శాతం సాధారణంగా సరిపోతుంది. తెలుగుకు నేను 150 శాతంతో మొదలుపెట్టి, వత్తులు ఎక్కువగా ఉన్న వరుస కింద గుడులు ఎక్కువగా ఉన్న వరుసను ఉంచి, కాగితంపై అచ్చు తీసి చూసుకున్నాకే తగ్గిస్తాను. తెలుగులో ఇంగ్లీషులోలా పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు లేవు కనుక శీర్షికకు ప్రాధాన్యాన్ని పరిమాణంతోనూ మందంతోనూ తేవాలి. గుండ్రని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా వాల్చడం మాత్రం నాకు నచ్చదు. శీర్షికకు రామభద్ర, వివరాలకు మండలి ఫాంట్లు బాగుంటాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.