పుల్లల పొయ్యి మీద నీళ్ళు కాచేముందు: ఎండాకాలంలో కొండలకూ తోటలకూ వెళ్ళేవారికి జాగ్రత్తలు

చలి శివశివా అంటూ వెళ్ళిపోయిన నాటి నుంచి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పడమటి మండలాల్లో ప్రతి గడ్డిపోచా అగ్గిపుల్లతో సమానం. పైగా మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరులో గానీ రావు కనుక ఆ ఎండుదనం మిగతా జిల్లాలలో కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఉదయగిరి దుర్గం ఎక్కేవారూ, వైశాఖంలో నరసింహస్వామి ఉత్సవాలకు పెంచలకోన వెళ్ళేవారూ, భైరవకోనలో ఒక పూట గడిపి వచ్చేవారూ ఉంటారు. వారిలో కొందరి సంచుల్లో ఇప్పుడు చిన్న పుల్లల పొయ్యి కూడా కనబడుతోంది.

ఆ పొయ్యి పాలపొడి డబ్బా అంత ఉంటుంది. మంచి రకాలకు రెండు గోడలుంటాయి. అడుగు కన్నాల గుండా పోయిన గాలి గోడల మధ్య వేడెక్కి, పై అంచు దగ్గరి కన్నాల నుంచి మళ్ళీ లోపలికి వచ్చి, పొగగా పోవలసిన వాయువును కూడా మండిస్తుంది. అందువల్ల చిటికెనవేలు మందం చిదుగులు కొన్ని గుప్పిళ్ళు ఉంటే లీటరు నీళ్ళు తెర్లుతాయి. అయితే గ్యాసు పొయ్యికి తిప్పి ఆర్పే నాబ్ ఉంటుంది, దీనికి ఉండదు. వేసిన పుల్ల కాలి తీరవలసిందే. ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలలో చాలావరకు ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

మొదట చోటు సంగతి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. పెంచలకోన చుట్టుపక్కల కొండలు శ్రీ పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తాయి కాబట్టి అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. పొయ్యి చిన్నదనే వాదన అక్కడ చెల్లదు. అవి ఎర్రచందనం పెరిగే కొండలు కూడా కావడంతో, చేతిలో విరిచిన కొమ్మతో కనబడినవారిని సిబ్బంది అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. నా మాటగా చెప్పాలంటే, ఎండాకాలంలో కొండ మీదికి పొయ్యి తీసుకువెళ్ళనే కూడదు. ఇంట్లో కాచిన నీళ్ళు ఫ్లాస్కులో పోసుకు వెళ్ళడం మేలు. పొయ్యిని ఏటి ఇసుకకూ, గడ్డి లేని చెరువుకట్టకూ, సొంత పొలంలో దున్నిన చెలకకూ పరిమితం చేసుకోవాలి.

అక్కడ కూడా పొయ్యి చుట్టూ పది అడుగుల మేర ఎండుటాకులు ఊడ్చి, అడుగున బండరాయో పాత ఇనుప పళ్ళెమో వేయాలి. తడిసిన ఏటిరాళ్ళను వాడకూడదు. లోపలి తేమ ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగరవచ్చు. తలెత్తి పైన ఏముందో కూడా చూడాలి. తాటిచెట్టుకు వేలాడే ఎండు మట్టలు ఒక్క రవ్వకే అంటుకుంటాయి. తీరంలో సరుగుడు తోపుల నీడ చల్లగా పిలుస్తుంది గానీ, కింద పరుపులా పరుచుకున్న ఆ సూదులాకుల కంటే త్వరగా అంటుకునేది మరొకటి లేదు. కోతలై గడ్డివాములు వేసిన కళ్ళాల దరిదాపులకు వెళ్ళనే కూడదు. కొండచరియలకు, పెద్ద చెట్లకు తేనెపట్లు ఉంటే ఆ కింద పొగ పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గాలి సంగతి కూడా గమనించాలి: పొద్దుటిపూట నిశ్చలంగా ఉన్నా పొద్దెక్కేసరికి పడమటి వడగాలి ఊపందుకుంటుంది. ఆకులు చప్పుడు చేసేంత గాలి వీస్తే ఆ పూటకు పొయ్యి మాట మరిచిపోవాలి. గాలికి భయపడి టెంటులోకో, కారు వెనక తలుపు కిందికో పొయ్యిని తీసుకుపోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. పుల్లల మంట నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు.

చిదుగులు ఏరేటప్పుడు కుప్పలో చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో కదిలించాలి, ఎందుకంటే తేళ్ళకూ రక్తపింజరలకూ ఇష్టమైన నీడ అదే. మన వైపు ఎక్కడ చూసినా ఉండే చిల్లకంప బాగా మండుతుంది గానీ దాని ముల్లు చెప్పును చీల్చుకుని దిగుతుంది. గన్నేరు, జెముడు జాతి పుల్లలను పొరపాటున కూడా వేయకూడదు, వాటితో నీళ్ళు కలపనూ కూడదు. రాజేయడానికి కర్పూరం బిళ్ళా, గుప్పెడు కొబ్బరి పీచూ చాలు. పెట్రోలు, కిరోసిన్, శానిటైజర్ పోయకూడదు. శానిటైజర్ మంట ఎండలో కంటికి కనబడదు కనుక, ఆరిపోయిందనుకుని మళ్ళీ పోస్తే చేతిలోని సీసాకే అంటుకుంటుంది.

నిజానికి ఈ పొయ్యి దగ్గర మంట కంటే మరిగే నీళ్ళే ఎక్కువ ప్రమాదకరం. సన్నని పొయ్యి మీద వెడల్పాటి గిన్నె, దాని నిండా నీళ్ళు, కిందనేమో ప్రతి రెండు నిమిషాలకూ పుల్ల దోపుతూ ఉండే చెయ్యి: ఆ దోపేటప్పుడే పొయ్యి కదులుతుంది, గిన్నె ఒరుగుతుంది. కాబట్టి గిన్నెను మూడింట రెండు వంతులే నింపి, మూత పెట్టి, పుల్ల వేసే ప్రతిసారీ రెండో చేత్తో పటకారు పట్టి గిన్నెను నిలిపి ఉంచాలి. పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోకూడదు. ఒలికిన నీళ్ళు నేరుగా ఒడిలోకే వస్తాయి, లేవడానికి వ్యవధి ఉండదు. గాలి వచ్చే వైపున గొంతుక్కూర్చోవాలి. పైట చెంగు, కండువా బిగించుకోవాలి. నైలాను బట్టలు అసలే వద్దు. గిన్నె అడుగున ముందే తడిమట్టి పూస్తే మసి తేలికగా వదులుతుంది. కట్టెల పొయ్యి మీద వండిన మన అమ్మమ్మలకు ఇది చెప్పవలసిన పని లేదు.

ఇక నీళ్ళు. మడ్డి నీళ్ళను తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, బుడగలు ఆగకుండా పొంగేలా ఒక నిమిషం పూర్తిగా తెర్లించాలి. ఉదయగిరి దుర్గం ఎత్తు దాదాపు 3,000 అడుగులే కనుక అంతకు మించి కాచనక్కరలేదు. అయితే కాచడం వల్ల చచ్చేవి క్రిములే. కనిగిరి వైపు బోరునీళ్ళలో ఉండే ఫ్లోరైడు ఎంత కాచినా పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం. పురుగుమందు కొట్టిన పొలం కాలువ నీళ్ళ సంగతీ, ఉప్పునీళ్ళ సంగతీ అంతే.

ఒళ్ళు కాలితే ఉంగరాలు, గాజులు వెంటనే తీసి, కాలిన చోట ఇరవై నిమిషాల పాటు మామూలు చల్లని నీళ్ళు పోయాలి. టూత్‌పేస్టు, నెయ్యి, ఐసు పెట్టకూడదు. బొబ్బలు పెద్దవైనా, ముఖమో చేతులో కాలినా 108కి ఫోన్ చేయాలి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక అవసరమైనది ఆర్పడంలో. నాలుగేళ్ళ కిందట ఒక చెరువుకట్ట దగ్గర టీ కాచుకున్నాక, బూడిద తెల్లబడింది కదా అని తుమ్మచెట్టు మొదట్లో కుమ్మరించి వచ్చేశాను. కళ్ళద్దాలు మరిచిపోయి ముప్పావు గంటకు వెనక్కి వెళితే, బారెడు మేర గడ్డి నల్లగా కాలి ఉంది, దాని అంచున సన్నని ఎర్రటి గీత పాకుతోంది. మంటా లేదు, చప్పుడూ లేదు. దాన్ని తొక్కి, మిగిలిన తాగునీళ్ళన్నీ పోసి ఆర్పేసరికి నా చెప్పు అడుగు కరిగింది.

అందుచేత కాచే నీళ్ళు లీటరైతే ఆర్పడానికి మరో రెండు లీటర్లు వేరుగా తెచ్చుకోవాలి, వాటిని దాహానికి ముట్టకూడదు. నీళ్ళు తెర్లడం మొదలైనప్పటి నుంచే పుల్లలు తగ్గిస్తూ వచ్చి, చివరి పుల్ల బూడిదయ్యేదాకా కూర్చుని, ఆ బూడిదను పళ్ళెంలో వంపి, నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయాలి. తరవాత అరచెయ్యి వెనక వైపు దగ్గరగా పెట్టి చూసి, వేడి తగలకపోతే తాకి చూడాలి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో కణికలను ఇసుకలో పూడ్చేవారున్నారు. ఇసుక కింద అవి గంటల తరబడి వేడిగానే ఉంటాయి, ఆ మీదుగా పిల్లలు వట్టి కాళ్ళతో పరుగెత్తుతారు. పొయ్యిని కూడా చేత్తో హాయిగా పట్టుకోగలిగినప్పుడే సంచిలో పెట్టాలి.