ఈశాన్య రుతుపవనాలకు ముందు లారీ దీపాలు: మసకబారిన హెడ్‌లైట్లు, అదనపు లైట్ల వైరింగులో తీసుకోవలసిన జాగ్రత్తలు

చెన్నైలో అసలైన వానలు అక్టోబరు మూడో వారం తర్వాత ఈశాన్య రుతుపవనాలతో మొదలై డిసెంబరు దాకా సాగుతాయి. మాధవరం, రెడ్‌హిల్స్, మణలి ప్రాంతాల్లో ఉంటూ, ఎన్నూరు రేవులో సరుకు ఎక్కించుకుని గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట మీదుగా నెల్లూరు వైపు రాత్రిళ్లు బండి నడిపే మన డ్రైవర్లకు ఈ నెలల్లో కంటికి ఆధారం హెడ్‌లైట్లే. వెలుతురు చాలడం లేదని బంపరుకు మరో రెండు లైట్లు బిగించుకోవాలనుకోవడం సహజమే. కానీ ఉన్న దీపాలు ఎందుకు మసకబారాయో చూడకుండా కొత్తవి బిగించి, వాటికి కరెంటు కూడా ఆ పాత వైర్ల నుంచే తీసుకుంటే, అప్పటికే నీరసించిన వైరింగు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు మసకకు కారణం కనిపెట్టాలి, ఆ తర్వాతే కొత్త లైట్ల సంగతి చూడాలి.

రెండు దీపాలూ మసకగా ఉన్నాయా, ఒకటేనా అన్నది మొదట గమనించండి. రెండూ మసకగా ఉండి, యాక్సిలరేటరు తొక్కగానే వెలుగు పెరిగితే ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును, దాని బెల్టు బిగువును, బ్యాటరీ టెర్మినళ్లను పరీక్షించాలి. ఇంజను వేగంతో సంబంధం లేకుండా రెండూ ఒకేలా మసకగా ఉంటే లోపం స్విచ్చులోనో, రెండింటికీ కలిపి వచ్చే వైరులోనో ఉండవచ్చు. ఒక పక్క దీపమే మసకగా ఉంటే ఆ వైపు హోల్డరునూ, కరెంటు ఛాసిస్ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి అయిన ఎర్త్‌నూ అనుమానించాలి. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి చొప్పున రెండు ఫిలమెంట్లు ఉండే హెచ్4 బల్బుకు ఎర్త్ సరిగా అందనప్పుడు కరెంటు రెండో ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. అప్పుడు బల్బులోని రెండు తీగలూ ఎర్రగా, నీరసంగా వెలుగుతాయి, డిమ్‌లో ఉండగానే డాష్‌బోర్డు మీద బ్రైట్‌కు గుర్తుగా ఉండే నీలి దీపం సన్నగా వెలగవచ్చు. ఈ గుర్తు కనబడితే బల్బు మార్చి లాభం లేదు.

సముద్రపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు ఎర్త్ లోపం చాలా మామూలు. ఛాసిస్‌కు ఎర్త్ వైరు బిగించిన నట్టును విప్పి చూస్తే లగ్గు (వైరు చివరి లోహపు రింగు) కింద తుప్పో, పచ్చటి చిలుమో కనబడుతుంది. దాన్ని ఎమరీ పేపరుతో లోహం మెరిసే దాకా రుద్ది, లగ్గును గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. అనుమానం తీరాలంటే ఇంజను నడుస్తూ, దీపాలు వెలుగుతూ ఉండగా మల్టీమీటరు ఒక మొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని హోల్డరులో బల్బుకు కరెంటు అందే కాలి మీద ఉంచండి. మీటరులో కనబడే వోల్టులన్నీ దారిలో పోయినవే. బ్యాటరీ మైనస్‌కూ బల్బు ఎర్త్ కాలికీ మధ్య కూడా ఇలాగే చూడాలి. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది కాబట్టి ఈ నష్టాన్ని చిన్నదని వదిలేయకూడదు.

పసుపెక్కిన అద్దం, నీరు చేరిన డూము, వెండి పూత పోయిన రిఫ్లెక్టరు వెలుగును మింగేస్తాయి; వాటిని మార్చడమే మందు. వీటికి విరుగుడని 75/70 వాట్ల (బ్రైట్‌కు 75, డిమ్‌కు 70) బల్బు స్థానంలో అంతకంటే పెద్దది వేస్తే హోల్డరు కరుగుతుంది.

ఇక కొత్త లైట్లు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినలును మొదట విప్పాలి, పని ముగిశాక చివరగా బిగించాలి. పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. చవగ్గా దొరికాయని 12 వోల్టుల లైట్లు తెచ్చి ఒక్క బ్యాటరీ నుంచే కరెంటు తీయడం మాత్రం ఎన్నడూ చేయకండి. అలా చేస్తే ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జితో, రెండోది ఎక్కువ ఛార్జితో ఉండి రెండూ త్వరగా పాడవుతాయి. లైట్లతో పాటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్చు) కూడా 24 వోల్టులదే కావాలి.

70 వాట్ల లైట్లు రెండు కలిపి సుమారు 6 ఆంపియర్లు లాగుతాయి. వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ఎక్కడైనా ఛాసిస్‌కు తగిలితే దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం క్యాబినుకు నిప్పు పెట్టుకోవడమే. రిలేలో 30వ కాలికి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87కు లైట్లు, 85కు ఎర్త్ ఇచ్చి, 86కు బ్రైట్ వైరును ఒక స్విచ్చు ద్వారా కలిపితే, డిమ్‌కు మార్చగానే అదనపు లైట్లు కూడా వాటంతట అవే ఆరిపోతాయి. ఎదుటి డ్రైవరు కళ్లను కాపాడే ఈ ఏర్పాటు తప్పనిసరి అని నా అభిప్రాయం. కొన్ని బండ్లలో హెడ్‌లైటు స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది, బీఎస్-6 (కొత్త ఉద్గార ప్రమాణాల) బండ్లు చాలావాటిలో దీపాలు ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ అధీనంలో ఉంటాయి. అటువంటి వాటిలో కంపెనీ వైరింగు బొమ్మ చూడకుండా ఏ వైరునూ కోయవద్దు.

క్యాబిను ముందుకు వంగే లారీల్లో స్విచ్చు నుంచి కిందికి వచ్చే వైరుకు మడత దగ్గర తగినంత వదులు ఉంచాలి. లేకపోతే క్యాబిను ఎత్తిన మొదటిసారే వైరు తెగుతుంది, లేదా నలిగి షార్ట్ అవుతుంది. రేకు రంధ్రాల గుండా వెళ్లే చోట వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వేయాలి. జాయింట్లను మెలిపెట్టి టేపు చుట్టకుండా, క్రింప్ చేసి (లోహపు తొడుగులో నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే హీట్ స్లీవు తొడగాలి. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే నీరు నిలవదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు బండి ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు బిగించడాన్ని నియంత్రిస్తాయి కనుక క్యాబిను పైకప్పు మీద అటువంటివి పెట్టకండి. జోరువానలో బ్రైట్ వేస్తే నీటి చినుకుల మీద పడిన కాంతి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. అప్పుడు అదనపు లైట్లు కూడా ఆర్పి, డిమ్‌తో వేగం తగ్గించి వెళ్లాలి. బిగింపు పూర్తయ్యాక లైట్లను అరగంట వెలిగించి, ఫ్యూజు హోల్డరునూ ప్రతి జాయింటునూ చేత్తో తాకి చూడండి. ఏదైనా వేడిగా తగిలితే ఆ జాయింటును విప్పి మళ్లీ చేసిన తర్వాతే లోడు ఎత్తుకోండి.