కోళ్ల షెడ్డులో లిట్టర్ (రెట్ట కలిసిన ఊక) ఎత్తే ముందు జాగ్రత్తలు

బ్యాచ్ వెళ్లిపోయింది, కోళ్లు లేవు కదా అని నేరుగా పార పట్టుకుని లోపలికి వెళ్లకండి. అడుగున గడ్డకట్టిన తడి ఊకను పగలగొట్టగానే రెట్ట నుంచి పుట్టే ఘాటైన అమ్మోనియా వాయువు ఒక్కసారిగా లేస్తుంది.

• రెండు వైపులా పరదాలు పూర్తిగా తెరవండి. ఫ్యాన్లుంటే వేసి, కనీసం అరగంట ఆగండి.

• నిలబడి వాసన చూస్తే చాలదు. డ్రింకర్ల (కోళ్లు నీళ్లు తాగే పాత్రల) కింద, లిట్టర్‌కు జానెడు ఎత్తులో వంగి చూడండి. కళ్లు మండితే ఇంకా ఆగాల్సిందే. రోజూ షెడ్డులో తిరిగేవాళ్ల ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది, అందుకే బయటినుంచి వచ్చిన మనిషి మాట నమ్మండి. మీటరుంటే అమ్మోనియా 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 25) లోపు ఉండాలి.

• మూతికి కట్టుకున్న తువ్వాలు సన్నటి దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, అమ్మోనియాను ఆపలేదు. ఘాటు తగ్గకపోతే అమ్మోనియాను ఆపే కార్ట్రిడ్జ్ (ఫిల్టరు డబ్బా) ఉన్న మాస్కే కావాలి. కళ్లద్దాలు కూడా.

• పొడి ఊక మీద నీళ్లు పలచగా చిలకరించండి, ముద్ద చేయకండి.

• వాసన పోతుందని తడి లిట్టర్ మీద సున్నం చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి మానండి. సున్నం తగిలితే అమ్మోనియా మరింత బయటికొస్తుంది. సున్నం పని ఊడ్చి కడిగాక.

• రెట్ట మీద బ్లీచింగ్ అసలే వద్దు. అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువులు పుడతాయి.

• ఉబ్బసం ఉన్నవాళ్లను, గర్భిణులను, పిల్లలను ఈ పనికి పిలవకండి. కూలి మిగులుతుందని ఒక్కరినే లోపలికి పంపకండి.