అమెరికన్ సాహిత్య విమర్శ చదవడం – 3: విషయసూచికలో లేని పేర్లు

పోయిన పాఠంలో ముందుమాట చదివి, విమర్శకుడి ప్రధాన వాదాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి విషయసూచిక మీద పని చేద్దాం.

అమెరికన్ విమర్శకుడు ఎఫ్. ఓ. మాథీసన్ 1941లో ప్రచురించిన విమర్శ గ్రంథం ‘అమెరికన్ రినైసాన్స్’ చూడండి. ఎమర్సన్, థోరో, హాథార్న్, మెల్విల్, విట్‌మన్, ఈ ఐదుగురు రచయితల చుట్టూనే పుస్తకమంతా తిరుగుతుంది. 1850 నుంచి 1855 లోపు ‘ద స్కార్లెట్ లెటర్’, ‘మోబీ డిక్’, ‘వాల్డెన్’, ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ వరసగా వచ్చాయి. ప్రజాస్వామ్యం మీద నమ్మకమే ఈ రచయితలను కలిపే దారమని మాథీసన్ వాదన.

ఇక్కడ ఆగి పెన్సిల్ తీయండి. అవే ఏళ్లలో వచ్చినా ఇందులో అధ్యాయం దక్కని పుస్తకాలేవి? హ్యారియెట్ బీచర్ స్టో నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’ 1852లో పుస్తకంగా వచ్చి, మొదటి ఏడాదిలోనే అమెరికాలో సుమారు 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. బానిసత్వం నుంచి తప్పించుకుని బయటపడ్డ ఫ్రెడరిక్ డగ్లస్ రెండో ఆత్మకథ 1855లో వచ్చింది. ప్రజాస్వామ్యాన్ని కేంద్రంగా పెట్టుకున్న గ్రంథంలో డగ్లస్‌కు అధ్యాయం లేకపోవడం, నా దృష్టిలో, చాలా పెద్ద లోటు.

అలాగని మాథీసన్‌ను పక్కన పెట్టకండి. మెల్విల్ నవల ‘మోబీ డిక్’ వచనాన్ని పద్యపాదాలుగా విడగొట్టి, అందులో షేక్‌స్పియర్ లయ ఎలా పలుకుతుందో ఆయన చూపిస్తాడు. ఆ పేజీలు పైకి చదవండి. నవల పూర్తిగా చదవలేదని టెన్షన్ వద్దు, ఆ భాగం విడిగానే అర్థమవుతుంది.

తర్వాత విమర్శకురాలు జేన్ టాంప్‌కిన్స్ 1985లో రాసిన ‘సెన్సేషనల్ డిజైన్స్’ పట్టుకోండి. హాథార్న్ కీర్తి నిలబడటానికి ఆయన ప్రతిభతో పాటు స్నేహితులు, ప్రచురణకర్తలు, సమీక్షకులు ఎంత తోడ్పడ్డారో ఆమె వివరిస్తుంది. స్టో నవలకు ఒక అధ్యాయమే కేటాయించింది. ముందు మాథీసన్, తర్వాత టాంప్‌కిన్స్, ఈ వరసలోనే చదవండి. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో అప్పుడే తెలుస్తుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న విమర్శ గ్రంథం ఏదైనా తీసుకోండి. అచ్చయిన సంవత్సరం, అధ్యాయాల్లోని రచయితల పేర్లు రాసుకోండి. అదే కాలానికి చెందిన మరో ఇద్దరి పేర్లు పుస్తకం చివరి ఇండెక్స్‌లో వెతకండి. కనిపించకపోతే ముందుమాటకు వెళ్లి, వదిలేసిన కారణం చెప్పారేమో చూడండి. వచ్చే పాఠానికి అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మోరిసన్ ‘ప్లేయింగ్ ఇన్ ద డార్క్’ మొదటి అధ్యాయం చదివి రండి. 1992లో వచ్చిన చిన్న విమర్శ పుస్తకమది.