విశాఖ నుంచి భీమిలికి సైకిల్‌పై: తీరం వెంబడి ఒక ఉదయం

రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల దగ్గర బయలుదేరి, కైలాసగిరి, రుషికొండల మీదుగా భీమునిపట్నం చేరే తీరరహదారి సుమారు 30 కిలోమీటర్లు ఉంటుంది. తెల్లవారకముందే, ముందూ వెనుకా దీపాలతో బయలుదేరడం మంచిది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నైరుతి నుంచి వీచే గాలి తిరుగు ప్రయాణంలో ఎదురవుతుంది కాబట్టి, వెళ్లేటప్పుడే బలమంతా ఖర్చు చేయకూడదు.

రుషికొండ దాటాక ఎడమవైపు తొట్లకొండ ఎక్కుడు వస్తుంది. ఈ దారిలో అసలు పరీక్ష ఇదే. ఏటవాలు మొదలయ్యేలోపే తేలిక గేరుకు మారాలి. బరువుగా తొక్కుతూ మారిస్తే చైను కరకరలాడి జారుతుంది. పైన బౌద్ధ ఆరామ శిథిలాలు, వర్షపు నీటికోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. కొండకు పేరు వాటివల్లే వచ్చింది. దిగేటప్పుడు రెండు బ్రేకులనూ విడతలు విడతలుగా నొక్కాలి. మలుపుల్లో పేరుకున్న ఇసుకపై ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారిపోతుంది.

భీమిలి చేరేముందు వచ్చే ఎర్రమట్టి దిబ్బలను నడిచే చూడాలి. ఆ వదులు మట్టి చక్రాల కింద ఇట్టే కోసుకుపోతుంది.

భీమిలిలో డచ్చివారి సమాధులు, దీపస్తంభం, గోస్తని సాగరసంగమం చూసి, అల్పాహారం అక్కడే కానివ్వవచ్చు. ఇంటికి రాగానే చైనును పొడిగుడ్డతో తుడిచి నూనె వేయాలి, ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది.