వాల్‌హైమ్‌లో వేసిన పచ్చబొట్టు కనిపించకపోతే

వాల్‌హైమ్ వైకింగ్ పాత్రతో ఆడే కంప్యూటర్ ఆట. పాత్రను తయారుచేసుకునేటప్పుడు అది స్త్రీ లేదా పురుష శరీరం, జుట్టు, దాని రంగు, గడ్డం, చర్మపు రంగు వరకే ఇస్తుంది. పచ్చబొట్లు, ఒంటి రంగులు కావాలంటే కస్టమ్ టెక్స్చర్స్ లాంటి మాడ్‌తో (ఆటను మార్చేందుకు ఆటగాళ్లు చేసిన అదనపు ప్రోగ్రాంతో) చర్మం చిత్రాన్నే మార్చాలి. మాడ్‌లను ఆటలోకి ఎక్కించే బెప్ఇన్‌ఎక్స్‌ను పెట్టుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఒంటి మీద ఏమీ మారలేదు

బొమ్మ జోలికి వెళ్లకముందు బెప్ఇన్‌ఎక్స్ ఫోల్డరులోని లాగ్ ఫైలు (ఆట నడిచినప్పుడు ఏం జరిగిందో రాసుకునే ఫైలు) చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు. ఇప్పుడే ఆట నడిపినా ఫైలు మీద నిన్నటి సమయమే ఉంటే బెప్ఇన్‌ఎక్స్ అసలు మొదలు కాలేదు. దాని ఫైళ్లు ఆట ఫోల్డరులో కాకుండా ఇంకో ఫోల్డరు లోపల పడ్డాయేమో చూడండి.

లాగ్‌లో మాడ్ పేరుంది, పచ్చబొట్టు లేదు

దీనికి నేను ఒక రాత్రంతా బలిచ్చాను. మాడ్‌ను మూడుసార్లు తీసి పెట్టాను, బొమ్మను మళ్లీ గీశాను. తప్పంతా ఫైలు పేరులో ఉంది. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్‌ను, అంటే ఫైలు రకాన్ని చెప్పే పేరు చివరి తోకను, దాచేస్తుంది. అది తెలియక పేరు మార్చేటప్పుడు చివర పీఎన్‌జీ (బొమ్మ ఫైలు తోక) అని మనమూ టైప్ చేస్తాం. దాంతో ఫైలుకు రెండు పీఎన్‌జీలు తగులుకుంటాయి, కంటికి మాత్రం ఒకటే కనిపిస్తుంది. మాడ్ తనకు తెలిసిన పేరు కోసమే వెతుకుతుంది, దొరకకపోతే పాత చర్మాన్నే ఉంచుతుంది. చూసేవాడికి పేరు నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది! విండోస్ 11లో ఫోల్డరు పైనున్న వ్యూ మెనూలో, షో కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెట్టి, అదనపు తోకను కోసేయండి. అక్కడే ఉండగా పేరులోని అంకె కూడా చూడండి: 0 పురుషుడి శరీరం, 1 స్త్రీ శరీరం. ఆట మూసి మళ్లీ తెరవండి.

కవచం వేసుకోగానే మాయమైంది

ఇది లోపం కాదు. ఈ ఆటలో కవచం చాలావరకు చర్మం మీద పరిచిన చిత్రమే, అందుకే మీ బొమ్మ దాని కింద పడుతుంది. ముఖానికీ చేతులకూ వేసుకోండి.

నీలం రంగు మట్టిరంగులా ఉంది

మీరు ఎంచుకున్న చర్మపు రంగు బొమ్మ మీదా పడుతుంది. లేత చర్మం ఎంచుకోండి.

స్నేహితులకు కనిపించడం లేదు

ఆ ఫైలు మీ కంప్యూటర్‌లోనే ఉంది మరి. వాళ్లకూ ఇవ్వవచ్చు గానీ, అప్పుడు ఆ శరీరం ఎంచుకున్న ప్రతి వైకింగ్ ఒంటి మీదా మీ పచ్చబొట్టే ఉంటుంది.

ఆట కొత్త వెర్షన్ వచ్చిన రోజే చెడిపోతే మాడ్ కొత్త వెర్షన్ వచ్చేదాకా ఆగండి.